కారు బానెట్టు క్రింది నల్లని మూతలు

(ప్రసంగ పాఠము)

ఒక వేసవిలో మేము సకుటుంబముగా విజయవాడనుండి రాజమహేంద్రవరమునకు కారులో పోవుచుంటిమి. ఏలూరు దాటిన కొంతసేపటికి ఇంజను వేడిని తెలుపు ముల్లు మెల్లమెల్లగా పైకి లేచి, చూచుచుండగనే ఎఱ్ఱగీతను తాకినది. కారును రోడ్డుప్రక్కకు తీసి, ఇంజను ఆపి, పిల్లలను చెట్టునీడను కూర్చుండబెట్టి, బానెట్టు ఎత్తి చూచితిని. నాకు కనబడినది ఒక పెద్ద నల్లని ప్లాస్టిక్కు పలక. దాని నడుమ మెరయుచున్న అక్షరములు. అంతే. ఆవిరి ఎచ్చటనుండి వచ్చుచున్నదో, నీరు ఎచ్చట కారుచున్నదో ఆ పలక నాకు చెప్పలేదు.

గంట తరువాత మెకానిక్కు వచ్చెను. ఇంజను చల్లారువరకు ఆగి, ఆ పలకను రెండుచేతులతో పట్టుకొని, పానా గాని స్క్రూడ్రైవరు గాని లేకుండగనే, ఒక్కొక్క మూలను పైకి లాగి ఊడదీసెను. క్రింద ఒక రబ్బరు గొట్టపు అతుకునుండి ఇంజను ప్రక్కగా దిగిన తెల్లని చార కనబడినది. “ఇది ఇవాళ మొదలైంది కాదండి. నెలల తరబడి కారి కారి ఎండిపోయింది” అని ఆయన అనెను. ఆనాడే చూచుకొనియున్నచో ఒక చిన్న బిగింపుపట్టీతో పోయెడి పని, హెడ్డు విప్పి చదును చేయించి గాస్కెటు మార్చించువరకు వచ్చినది.

అంతకు ఇరువది రోజులక్రిందటనే ఆ కారు ఒక వర్క్‌షాపులో సర్వీసు చేయించుకొని, కూలెంటు సరిగానున్నదని గుర్తు పెట్టిన కాగితముతో తిరిగివచ్చినది. సీసాలో మట్టము చూచి ఆ గుర్తు పెట్టియుందురు. మూత ఎత్తి చూచినట్లు లేదు. అట్లని తప్పంతయు వారిదే యనను. ఆ కారు మూడేండ్లుగా నా ఇంటనున్నది. ఆ మూడేండ్లలో ఒక్కనాడైనను నేను ఆ మూత ఎత్తలేదు. ఎట్లు ఎత్తవలెనో తెలియదు. ఎత్తవచ్చునని కూడ తెలియదు. నావంటివారు పెక్కుమంది ఉందురు గనుక ఈ మూతలను గూర్చి నేను నేర్చుకొన్న నాలుగు మాటలు శ్రోతలకు మనవిచేయుచున్నాను.

మూతలు ఎందులకు?

పూర్వపు కార్లలో ఇవి లేవు. 1950ల చివరినుండి 2014 వరకు బెంగాలులోని ఉత్తరపారాలో తయారైన అంబాసిడరు బానెట్టు ఎత్తినచో రేడియేటరు, బ్యాటరీ, కార్బురేటరు, ప్లగ్గుల తీగలు అన్నియు కంటి కెదురుగ నుండెడివి. ఇంజనుకును ప్రక్కగోడకును నడుమ నేల కూడ కనబడెడిది. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800లోను పైన గాలిని వడకట్టు డబ్బా తప్ప వేరొక కప్పు లేదు. ఆ దినములలో కారు కొన్నవాడు ఆరు నెలలలో సగము మెకానిక్కు అయ్యెడివాడు. కొంత ఇష్టముచేత, కొంత గత్యంతరము లేక.

తరువాత ఇంజనులు మారినవి. కార్బురేటరు పోయి, ఇంధనమును సూదివంటి రంధ్రములగుండ చిమ్ము ఇంజెక్టర్లు వచ్చినవి. 1997లో ఆల్ఫా రోమియో 156 కారుతో ఆరంభమైన కామన్‌రైలు డీజిలు పద్ధతిలో ఇంధనము వెయ్యి వాతావరణములకు మించిన ఒత్తిడితో చిమ్మబడును. ఇంజెక్టరు తెరచి మూసిన ప్రతిసారియు టిక్కుటిక్కుమను చప్పుడు వచ్చును. ఆ చప్పుడును మ్రింగుటకు పలక అడుగున స్పాంజి మెత్త అంటించి ఇంజనుమీద కప్పిరి. ఇది మొదటి ప్రయోజనము.

రెండవది రక్షణ. నేటి ఇంజనుమీద సన్నని తీగల కట్టలు, సెన్సర్లు, ఒక్కొక్క ప్లగ్గుమీద ఒక్కొక్క కాయిలు ఉండును. ప్లగ్గు కూర్చుండు గుంట లోతైనది. అందు నీరు చేరినచో నిప్పురవ్వ సరిగా పుట్టక ఇంజను కుంటును. దుమ్మును, నీటిబొట్లను పైకప్పు కొంతవరకు ఆపును. అద్దము క్రిందనుండు పలక వానపడినపుడు నీటిని ప్రక్కలకు మళ్లించును. కారు అడుగుననుండు పలక బురదను, రాళ్లను ఆపుటయే గాక, గాలి సాఫీగా జారిపోవునట్లు చేసి ఇంధనమును కొంత ఆదా చేయును.

మూడవది అలంకారము. దీనిని దాచుకొన నక్కరలేదు. గొట్టములు, తీగలు, జిడ్డు కనబడుటకంటె నున్నని నల్లపలక కనబడుట షోరూములో చూచువారికి ఇంపుగా నుండును. కాని ఇంటికి వచ్చిన పిమ్మట ఆ యింపే మనకు అడ్డు. లోపల పుట్టిన చిన్న లోపము మనకంట బడక పెద్దదగుచున్నది.

ఈ మూతలలో పెక్కింటిని గాజుపీచు కలిపిన నైలానుతో చేయుదురు. 1935లో అమెరికాలో వాలెస్ కెరొథర్స్ కనిపెట్టిన నైలాను 66, 1938లో జర్మనీలో పాల్ ష్లాక్ కనిపెట్టిన నైలాను 6 అను రెండు జాతులును ఇందులకు వాడుకలో నున్నవి. మొదటిది సుమారు 260 డిగ్రీలవద్ద, రెండవది సుమారు 220 డిగ్రీలవద్ద కరగును. కావున ఇంజనువేడికి మూత కరగదు. కాని ఏండ్లతరబడి కాగి కాగి పెళుసెక్కును. పదేండ్ల కారు మూతను కొత్తకారు మూతవలె లాగినచో చెవులు విరుగును. అడుగు పలకలకు పోలీప్రొపిలీను వాడుట కలదు. అది మరికొంత మెత్తనిది.

పనికి పూర్వము

మొదట కారును చదునైన నేలమీద, వెలుతురున్న చోట నిలిపి, చేతిబ్రేకు వేసి, ఇంజను ఆపి, తాళపుచెవి జేబులో వేసికొనవలెను. తాళము లేకయే బొత్తాముతో నడచు కార్లలో ఆ చెవిని కారుకు దూరముగా ఇంటిలోపల పెట్టుట మంచిది. ఒక గంటసేపు ఆగవలెను. ఇంజను ఆగినను రేడియేటరు ఫ్యాను తనంతట తాను తిరుగుట కొన్ని కార్లలో కలదు. కావున ఫ్యానుదగ్గర వ్రేళ్లు పెట్టరాదు. పొగగొట్టపు మొదలు నడచు ఇంజనులో కొన్ని వందల డిగ్రీల వేడిమీద నుండును. అది చల్లారుటకు కాలము పట్టును.

పైట కొంగు, కండువ, పొడుగు చేతుల చొక్కా, వ్రేలాడు గొలుసు పనికిరావు. ఉంగరము, లోహపు గాజులు, గడియారము తీసి ప్రక్కన పెట్టవలెను. బ్యాటరీ మీది ధనధ్రువమునకును కారు ఇనుమునకును నడుమ ఉంగరము తగిలినచో అది క్షణములో ఎఱ్ఱగా కాలి వ్రేలిని తినివేయును. బానెట్టు ఊతకడ్డీ దాని రంధ్రములో సరిగా కూర్చున్నదో లేదో ఒకసారి చేతితో తాకి చూచుకొనవలెను.

పనిముట్లు ఎక్కువ అక్కరలేదు. పదవ నంబరు పానా, ప్లస్సు ములుకు స్క్రూడ్రైవరు ఒకటి, మైనస్సు ములుకుది చిన్నది ఒకటి. కొన్ని ఐరోపా కార్లకు నక్షత్రపు ములుకు స్క్రూడ్రైవరు కావలెను. క్లిప్పులు తీయుటకు ప్లాస్టిక్కుతో చేసిన చీలిక నాలుకవంటి పనిముట్టు బజారులో దొరకును. ఇనుప స్క్రూడ్రైవరు గీతలు పెట్టిన చోట ఇది పెట్టదు. ఒక టార్చిలైటు, ఒక పాతగుడ్డ, ఒక స్టీలు పళ్లెము. పళ్లెము ఎందులకో ముందు చెప్పెదను.

విప్పుటకు ముందు ఫోనుతో ఒక ఫొటో తీసికొనవలెను. ఏ గొట్టము దేనిమీదుగ పోవుచున్నదో, ఏ తీగ ఏ కొక్కెములో నున్నదో మనకు గుర్తుండునని అనుకొందుము, ఉండదు.

మూడు జాతుల పట్లు

నల్లని మూతలను పట్టియుంచు పట్లు ముఖ్యముగా మూడు జాతులు. ఈ మూటిని గుర్తించినచో సగము విద్య వచ్చినట్లే.

మొదటిది బంతిపట్టు. ఇంజనుమీద గుండు తలగల మేకులు మూడో నాలుగో నిలబడియుండును. మూత అడుగున వానికి సరిపడు రబ్బరు గిన్నెలుండును. గిన్నె గుండుమీద కూర్చుండి బిగియును. ఇట్టిదానికి పనిముట్టు అక్కరలేదు. గిన్నె ఉన్నచోటికి సాధ్యమైనంత దగ్గరగా రెండుచేతులతో పట్టి, నిట్టనిలువుగా పైకి లాగవలెను. ఒక మూల ఊడిన పిమ్మట రెండవ మూల. నడుమ పట్టి ప్రక్కకు వంచి లాగినచో మూత చెవి విరుగును, లేక గిన్నె చిరిగి గుండుమీదనే మిగిలిపోవును. గిన్నె మిగిలినచో కంగారు పడక దానిని తీసి తిరిగి మూతలో అమర్చవలెను. చలికాలపు తెల్లవారుజామున రబ్బరు బిగిసియుండును; ప్లాస్టిక్కు కూడ పెళుసుగానుండును. ఇంజను గోరువెచ్చగా నున్నపుడు పని సుళువు.

రెండవది నొక్కుడు క్లిప్పు. రేడియేటరుమీది పొడుగు పలకకు, అద్దము క్రింది పలకకు, అడుగు పలకకు ఇవి ఉండును. చూచుటకు చొక్కా బొత్తామువలె నుండును. దీనిలో రెండు భాగములు: చీలికకాళ్లుగల ఒర, దాని నడుమ పుడక. పుడక లోపల నున్నపుడు కాళ్లు విచ్చుకొని రంధ్రమును పట్టుకొనును. పుడక తప్పుకొన్నపుడు కాళ్లు ముడుచుకొని క్లిప్పు ఊడివచ్చును. ఇంతే దీని రహస్యము. అయితే పుడకను తప్పించు తీరు అన్నిటికి ఒకటి కాదు. పుడక తల అంచున గోరు దూరునంతటి సందున్నచో, అచ్చట చిన్న స్క్రూడ్రైవరు పెట్టి పుడకను పైకి లేపవలెను. తల నున్నగా, ఒరతో సమముగా, సందు లేక ఉన్నచో, నడుమ నొక్కవలెను. టక్కుమని రెండు మూడు మిల్లీమీటర్లు లోపలికి పోవును. అంతటితో ఆపవలెను. ఇంకను నొక్కినచో పుడక ఒరలోనుండి జారి అడుగున పడిపోవును. తల మీద ప్లస్సు గుర్తున్నచో స్క్రూడ్రైవరుతో త్రిప్పవలెను. ఊరక తిరుగుచున్నచో, ఒక చేత తలక్రింద కొంచెము ఎత్తి పట్టి త్రిప్పినచో పైకి వచ్చును.

మూడవది బోల్టు. పెక్కు కార్లలో ఇవి ఆరు మిల్లీమీటర్ల బోల్టులు. పదవ నంబరు పానా సరిపోవును. మూతలోని రంధ్రమునకు ఒక చిన్న లోహపు గాజు తొడిగియుండును. బిగింపుబరువును ఆ గాజు మోయును, ప్లాస్టిక్కు మోయదు. ప్లాస్టిక్కు ఎడతెగని ఒత్తిడికి మెల్లగా సాగిపోవు స్వభావము కలది గనుక ఈ ఏర్పాటు చేసిరి. ఆ గాజు జారిపోకుండ చూచుకొనవలెను. అది లేకుండ బోల్టు బిగించినచో మూత చిట్లును.

ఇప్పుడు స్టీలు పళ్లెము మాట. విప్పిన ప్రతి బోల్టును, ప్రతి క్లిప్పును మూతమీద ఎట్లుండెనో ఆ వరుసలోనే పళ్లెములో పేర్చవలెను. ఒకే మూతకు పొడుగు బోల్టు ఒకచోట, పొట్టిబోల్టు ఒకచోట ఉండుట కలదు. పొట్టిదానికై చేసిన రంధ్రములో పొడుగుది బిగించినచో లోపలిదేదో పగులును. అంతకంటె ముఖ్యమైనది లెక్క. పది తీసితిమి, పది పెట్టితిమి అను లెక్క కుదరనంతవరకు బానెట్టు మూయరాదు. జారిన బోల్టు బెల్టు దారిలో పడినచో ఎంత నష్టము చేయునో చెప్పలేము.

ఏ వరుసలో?

సాధారణముగా ముందుగా ఇంజనుమీది పెద్దమూతను తీయుదురు. కొన్ని కార్లలో ఆయిలు పోయు మూతిగాని, ఆయిలు చూచు పుల్లగాని దాని నడుమగుండ పైకి వచ్చును. అట్టిచో పుల్లను పైకి లాగి, లేదా ఆయిలు బిరడా విప్పి, పెద్దమూతను తీసి, వెంటనే బిరడాను బిగించవలెను. ఆ కొద్ది క్షణములలోను తెరచిన మూతిమీద శుభ్రమైన గుడ్డ కప్పవలెను. అందులో ఒక బోల్టు పడినదా, ఆనాటి ముచ్చట మరొక విధముగా నుండును.

కొన్ని ఇంజనులలో ఈ పెద్దమూతయే గాలిని వడకట్టు డబ్బా కూడ. దాని లోపల ఫిల్టరుండును. ప్రక్కన లావుపాటి గాలిగొట్టము తగిలియుండును. గాలిని కొలుచు సెన్సరుకు తీగ పోయియుండును. అట్టిదానిని ఒక్కసారిగా లాగరాదు. మొదట తీగ కొన నున్న నాలుకను నొక్కి ఊడదీయవలెను. తీగను పట్టి లాగకూడదు. పిదప గొట్టపు బిగింపుపట్టీ వదులు చేయవలెను. చివరకు మూత ఎత్తవలెను. మూత బరువు ఎక్కువైనట్లో, ఏ మూలనో పట్టుకొన్నట్లో తోచినచో బలము వాడక ఆగవలెను. ఎచ్చటనో ఒక క్లిప్పు మిగిలియుండును. తొందరపడిన చేయియే విరిచెడి చేయి.

అడుగు పలక వేరు సంగతి. దీనిని తీయకయే ఆయిలు మార్చుట పెక్కు కార్లలో కుదరదు. కొన్నింటిలో ఆయిలు వదులుటకు ఒక చిన్న తలుపు ఉండును. దీనికొరకు కారు క్రిందికి పోవలెను. కారును జాకీతో ఎత్తినంతమాత్రమున దాని క్రిందికి దూరరాదు. జాకీ ఎత్తుటకే గాని మోయుటకు కాదు. గట్టి నేలమీద, కారు పుస్తకములో చూపిన చోట్ల, ఇనుప స్టాండులు పెట్టి, వెనుక చక్రములకు అడ్డుకట్టెలు వేసి, కారును ఒకసారి చేతితో ఊపి చూచి, కదలదని నిశ్చయించుకొన్న పిమ్మటనే లోనికి పోవలెను. ఇటుకలు, సిమెంటు దిమ్మలు, కఱ్ఱమొద్దులు స్టాండులకు బదులు కావు. ఇటుక ఎప్పుడు చిట్లునో చిట్లువరకు తెలియదు. స్టాండులు లేనివారు ఈ పనిని మెకానిక్కునకు వదలుట అవమానము కాదు, వివేకము.

మూత తీసి ఏమి చూడవలెను?

మూత తీయుటకంటె మూత తీసి చూచుటయే ముఖ్యము. నాకు కలిగిన నష్టము చూడకపోవుటవలన కలిగినదే.

మొదట ముక్కుతో చూడవలెను. తియ్యని వాసన వచ్చినచో కూలెంటు కారుచున్నదని అనుమానింపవలెను. పెట్రోలు వాసన వచ్చినచో ఆ కారును నడపరాదు; ఇంజను మరల స్టార్టు చేయక మెకానిక్కును ఇంటికే పిలువవలెను.

తరువాత టార్చితో గొట్టముల అతుకులను చూడవలెను. కూలెంటు ఎండినచోట తెల్లగానో, దాని రంగునుబట్టి గులాబిగానో, పచ్చగానో పొడి పేరుకొనును. గొట్టమును నొక్కి చూచినచో గట్టిగా, కొంచెము సాగుడుగా ఉండవలెను. పెళుసుగా కరకరలాడినను, మెత్తబడి ఉబ్బినను మార్చవలసినదే. రేడియేటరు బిరడాను మాత్రము వేడిమీద ఎన్నడును విప్పరాదు. లోపలి నీరు ఒత్తిడిలో నుండును. అందువలన 100 డిగ్రీలు దాటియు మరగక ఊరకుండును. బిరడా వదులైన క్షణమున ఒక్కసారిగా మరగి ముఖముమీదికి చిమ్మును.

ఇంజను తలమీది మూత అంచున, అనగా గాస్కెటు వెంబడి, తడి జిడ్డున్నదేమో చూడవలెను. సన్నని చెమ్మ పాతకార్లకు సహజము. ధారగా దిగిన నూనె సహజము కాదు. అది వేడి పొగగొట్టముమీద పడుచోట కాలిన వాసన వచ్చును. నిప్పు కూడ పుట్టవచ్చును. పెద్దమూత అడుగునున్న స్పాంజి నూనె పీల్చి బరువెక్కియున్నచో దానిని తిరిగి పెట్టరాదు. నూనె త్రాగిన స్పాంజి దీపపు వత్తితో సమానము.

బ్యాటరీ కొనలమీద తెల్లగానో, నీలిగానో బూజువంటిది పట్టియున్నచో, మొదట ఋణధ్రువపు తీగను, తరువాత ధనధ్రువపు తీగను విప్పి, వంటసోడా కలిపిన నీటితో తడిపిన బ్రష్షుతో తుడిచి ఆరబెట్టవలెను. తిరిగి తగిలించునపుడు వరుస తలక్రిందు: మొదట ధనము, తరువాత ఋణము.

ఇక ఎలుకలు. మన ఊళ్లలో ఇది చిన్న సంగతి కాదు. రాత్రిపూట ఆగిన ఇంజను వెచ్చగా నుండును. దానిమీది మూతకును ఇంజనుకును నడుమ నాలుగు వ్రేళ్ల సందు చీకటిగా, సురక్షితముగా నుండును. ఎలుకకు ఇంతకంటె మంచి ఇల్లు దొరకదు. మూత తీసినపుడు చిరిగిన స్పాంజి పొట్టు, కొబ్బరిపీచు, వేరుశనగ తొక్కలు, పెంటికలు కనబడినచో తీగల కట్టలను అంగుళమంగుళముగా చూడవలెను. కొరికిన తీగకు పేపరు టేపు చుట్టి ఊరకుండరాదు. పెంటికలను ఉత్తచేతులతో తాకరాదు. ఎలుక మూత్రమువలన జ్వరము వచ్చు వ్యాధి కలదు. చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ కట్టుకొని, తడిపి తుడువవలెను.

ముట్టరానివి

పెట్రోలును విద్యుత్తును కలిపి నడచు కార్లు, కేవలము విద్యుత్తుతో నడచు కార్లు నేడు మన వీధులలో పెరుగుచున్నవి. వాని బానెట్టు క్రిందను నల్లమూతలు ఉండును. కాని ఒక మూత క్రింద నారింజరంగు లావుపాటి తీగ కనబడినచో అచ్చటనే చేయి వెనుకకు తీసికొనవలెను. ఆ రంగు వందలకొలది వోల్టుల విద్యుత్తుకు గుర్తు. మెరుపు గుర్తుగల పసుపుపచ్చ చీటీ అంటించిన మూతలు ఇంటివారు తీయవలసినవి కావు. వానికి వేరుగా శిక్షణ పొందినవారు, వేరు తొడుగులు, వేరు పద్ధతి కలవు. అద్దము కడుగు నీరు పోయుట, పన్నెండు వోల్టుల బ్యాటరీ చూచుట, గాలి ఫిల్టరు మార్చుట వంటివే అట్టి కార్లలో ఇంటివారి పని.

తిరిగి పెట్టుట

తీసిన వరుసకు తలక్రిందుగా పెట్టవలెను. నొక్కుడు క్లిప్పును తిరిగి పెట్టునపుడు చాలమంది పొరబడుదురు. నడుమ నొక్కి తీసిన జాతి క్లిప్పైనచో, మొదట పుడకను అడుగునుండి నెట్టి తల పైకి పొడుచుకొని వచ్చునట్లు చేయవలెను. అప్పుడు కాళ్లు ముడుచుకొనును. ఒరను రంధ్రములో దూర్చి, తరువాత తలను సమముగా వచ్చువరకు నొక్కవలెను. పుడక లోపలనుండగనే ఒరను గుద్ది దూర్చినచో కాళ్లు విరుగును. విరిగిన క్లిప్పులకు బదులు సరిపోవు కొలతవి విడిభాగముల దుకాణములలో దొరకును. తీగతో కట్టుట, గుడ్డపీలికతో ముడివేయుట కూడదు. నేను ఒకప్పుడు అడుగు పలకకు రెండు క్లిప్పులు తక్కువై తీగతో కట్టితిని. మూడవ వారమున వేగముగా పోవుచుండగా గాలికి పలక ఒకవైపు ఊడి, రోడ్డును రాచుకొనుచు భయంకరమైన చప్పుడు చేసినది. వెనుకనుండి ఒక మోటారుసైకిలు వచ్చుచుండెను. పలక పూర్తిగా ఊడియున్నచో ఆ మనిషి ఏమగునో తలచుకొనుటకు ఇప్పటికిని భయము.

బంతిపట్టు గిన్నెలకు కొంచెము సబ్బునీరు రాచినచో సుళువుగా కూర్చుండును. ఇంజను ఆయిలు రాయరాదు, అది కొన్ని జాతుల రబ్బరును ఉబ్బించును. బోల్టును మొదటి నాలుగు చుట్లు వ్రేళ్లతోనే త్రిప్పవలెను. వ్రేళ్లకు లొంగక మొరాయించినచో మర వంకరగా పట్టినదని అర్థము. వెనుకకు త్రిప్పి మరల మొదలిడవలెను. కొసకు పానాతో ఆనునంతవరకు బిగించి, ఆపై ఒక చిన్న మలుపు చాలును. గాలిగొట్టపు అతుకు సరిగా కూర్చున్నదో లేదో రెండుసార్లు చూడవలెను. అచ్చట సందున్నచో వడగట్టని, కొలవని గాలి ఇంజనులోనికి పోయి ఇంజను సరిగా నడువక, ఎదుట పసుపుపచ్చ దీపము వెలుగును.

ఈ తంటా అంతయు ఎందుకు, మూతను అటకమీద పడవేసినచో సరిపోవును గదా యని కొందరు అడుగుదురు. ఇంజను చల్లగా నుండునని కూడ వాదింతురు. పైకప్పు తీసినందువలన కలుగు చల్లదనము స్వల్పము. చప్పుడు, దుమ్ము, తేమ మాత్రము పెరుగును. అడుగు పలక విషయములో ఫలము తారుమారు కూడ కావచ్చును. రేడియేటరుగుండ వచ్చిన గాలి బయటకుపోవు దారిని ఆ పలక చక్కబెట్టునట్లు చేసిన కార్లు కలవు. పలక లేనిచో గాలి నడక మందగించి వేడి పెరుగును. కనుక మూతను విసర్జించుటయు వలదు, మూతకు భయపడుటయు వలదు. తీయుట, చూచుట, తిరిగి పెట్టుట అను మూడును కలిసి ఒక పని.

వాహనము కొన్నవానికి దానిని విప్పి చూచుకొనుటకును, తనకు నచ్చినచోట బాగుచేయించుకొనుటకును హక్కున్నదను మాట నేడు ప్రభుత్వముల వరకును పోయినది. విడిభాగములు, పరీక్షాయంత్రములు బయటి మెకానిక్కులకు దొరకనీయలేదని 2014లో మన దేశపు కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలమీద సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించినది. కంపెనీలు అప్పీళ్లకు పోయినవి. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖవారు మరమ్మతు హక్కు పేర ఒక పోర్టలును ఆరంభించిరి. అందు మోటారువాహనములును చేరినవి. హక్కు కాగితముమీద నున్నంతమాత్రమున ప్రయోజనము లేదు. వాడుకొనుటకు చేతికి కొంచెము అలవాటు కావలెను.

నేను ఇప్పుడు నెలకొక ఆదివారము ఉదయము అరగంట ఈ పనికి కేటాయించితిని. మా అమ్మాయి పళ్లెము పట్టుకొని క్లిప్పులు లెక్కపెట్టును. పోయిన నెల ఆమె టార్చి వేసి, “నాన్నా, ఇక్కడ తెల్లగా ఏదో ఉంది” అనినది. చూడగా మరొక అతుకువద్ద చిటికెడు పొడి. బిగింపుపట్టీ ఒకటి మార్చితిమి. అంతటితో సరిపోయినది. రాజమహేంద్రవరపు దారిలో చెట్టునీడను మేము నిలిచిన ఆ మధ్యాహ్నము ఇంకొకసారి రాకుండుటకు అంతకంటె ఎక్కువ విద్య అక్కరలేకపోయినది.